ఇంగ్లీషులో ‘కొంచెం’ అనడం ఎలా?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఆరింటిని ఏరి, వాటికి ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. ఆరూ ఒడిశా సరిహద్దు జిల్లాలలో ఉంటున్న తెలుగువారు రాసినవే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాగితం మీద ఇంగ్లీషు నడిచే ఆ ఊళ్ళలో మాటల మీద పట్టింపు ఎక్కువేనని అక్కడి బడులలో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన నాకు తెలుసు. ఒకరికొకరు పరిచయం లేని ఈ ఆరుగురూ ఆగిపోయింది మాత్రం ఒక్క మాట దగ్గరే. తెలుగులో ‘కొంచెం’ అని ఆలోచించకుండా అనేసే చోట ఇంగ్లీషులో ఏ మాట వేయాలి, వేసిన మాట మనం అనుకున్న అర్థమే ఇస్తోందా అన్నది వారి సందేహం.

ప్రశ్న: నేను రాయగడలో ఒక ఆస్పత్రిలో నర్సును. ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన రాత్రి ‘కొంచెం నొప్పిగా ఉందమ్మా’ అంటే, డ్యూటీ దిగే ముందు రిపోర్టులో ‘పేషెంట్ హాజ్ లిటిల్ పెయిన్’ అని రాశాను. పొద్దున డాక్టరుగారు అది చదివి నొప్పి లేదనుకుని మందు మార్చలేదు. మధ్యాహ్నం అసలు సంగతి తెలిసి, ‘లిటిల్’ ముందు ‘ఎ’ ఎందుకు వదిలేశావని నన్ను అడిగారు. ఒక్క అక్షరానికి అంత తేడా వస్తుందా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వస్తుందమ్మా. మీ డాక్టరుగారు అడిగినదానిలో తప్పు లేదు. ‘ఎ లిటిల్ పెయిన్’ అంటే నొప్పి ఉంది, కాకపోతే ఎక్కువగా లేదు అని అర్థం. ‘ఎ’ తీసేసి ‘లిటిల్ పెయిన్’ అంటే నొప్పి లేనట్టే, చెప్పుకోదగినంత లేదు అని అర్థం. రెండు చోట్లా ఉన్న నొప్పి ఒకటే కావచ్చు. చెప్పేవారు దానిని ఉన్నవాటి లెక్కలో వేస్తున్నారా, లేనివాటి లెక్కలో వేస్తున్నారా అన్నదే తేడా.

మనకు ఈ తేడా తెలియక కాదు, తెలుగులో దానిని మోసే మాట వేరు. డబ్బాలో రెండు గుప్పెళ్ళ బియ్యం మిగిలాయనుకోండి. ‘కొంచెం ఉన్నాయి’ అన్న ఇల్లాలు ఆ పూటకు పొయ్యి వెలిగిస్తుంది. ‘అట్టే లేవు’ అన్న ఇల్లాలు కొట్టుకు మనిషిని పంపుతుంది. బియ్యం అవే, డబ్బా అదే. మన భాషలో ఆ మలుపును చివర వచ్చే క్రియ చెబుతుంది, ఇంగ్లీషులో ముందు వచ్చే ‘ఎ’ చెబుతుంది. అందుచేత రాసే ముందు వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. అది ‘ఉంది’ అని ముగిస్తే ‘ఎ’ ఉంచండి. ‘లేదు’ అని ముగిస్తే తీసేయండి. మీ రోగి ‘నొప్పిగా ఉంది’ అన్నాడు కనుక ‘ఎ’ ఉండవలసిందే.

క్రియల దగ్గరా ఇదే వరస. ‘హి స్లెప్ట్ ఎ లిటిల్’ అంటే ఏదో కాసేపు కన్ను మూశాడు. ‘హి స్లెప్ట్ లిటిల్’ అంటే రాత్రంతా మెలకువగానే గడిపాడు. ఈ రెండవ రకం వాక్యం పుస్తకాలలో కనబడేది. నోటితో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువారు సైతం ‘హి డిడ్ నాట్ స్లీప్ మచ్’ అంటారు. రిపోర్టులలో మీరూ అలాగే రాయండి. ‘ఎ’ జారిపోతే అర్థం జారిపోయే వాక్యాన్ని నిద్రమత్తులో రాయడం ఎవరికైనా ప్రమాదమే.

ఇక్కడే ఇంకొక చిక్కు ఉంది. ‘షి వాజ్ నాట్ ఎ లిటిల్ వరీడ్’ అంటే ఆమెకు దిగులు లేదని కాదు, చాలా ఉందని అర్థం. ‘షి వాజ్ నాట్ ఎ బిట్ వరీడ్’ అంటే మాత్రం దిగులు ఇసుమంతైనా లేదని అర్థం. విడివిడిగా ఉన్నప్పుడు అన్నదమ్ములలా ఉండే ‘ఎ లిటిల్’, ‘ఎ బిట్’ ముందు ‘నాట్’ చేరేసరికి చెరొక దారీ పడతాయి. మొదటిది మనకు కొత్తేమీ కాదు. ‘ఆవిడ పడ్డ బాధ ఇంతా అంతా కాదు’ అని మనం అనేదానిలో ఉన్నదీ ఈ పద్ధతే.

మీరు అడగకపోయినా ఆస్పత్రి మాట గనుక మరొకటి చెప్పాలి. ‘లైట్‌గా జ్వరం ఉంది’ అని మన ఇళ్ళలో అందరమూ అంటాము. దానిని నమ్ముకుని ‘లైట్లీ ఫీవర్’ అని రాసిన కాగితాలు నేను చూశాను. ‘లైట్లీ’ అన్నది బరువు వేయకుండా, పైపైన అనే అర్థమున్న మాట: గాయాన్ని దూదితో ‘లైట్లీ’ అద్దవచ్చు, వంకాయను ‘లైట్లీ’ వేయించవచ్చు. జ్వరానికి ‘ఎ స్లైట్ ఫీవర్’ అని గాని ‘మైల్డ్ ఫీవర్’ అని గాని రాయాలి. జ్వరం నామవాచకం కనుక ముందు ‘స్లైట్’ వస్తుంది. వాపు ఎక్కిన వేలిని వర్ణించేటప్పుడు ‘స్లైట్లీ స్వోలెన్’ అంటాము, ఎందుకంటే ‘స్వోలెన్’ విశేషణం. వానకు మాత్రం ‘లైట్’ సరైన మాటే. 24 గంటలలో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల వరకు పడిన వానను మన వాతావరణ శాఖ ‘లైట్ రెయిన్’ అనే అంటుంది. నొప్పి విషయంలో ఇంత సందేహం పెట్టుకునే కన్నా, 0 నుంచి 10 వరకు ఎంత ఉందో రోగినే అడిగి ఆ అంకె వేసే పద్ధతి ఉంది కదా, మాట పక్కన ఆ అంకెనూ వేయండి.

ప్రశ్న: మాది బరంపురంలో పట్టుచీరల వ్యాపారం. విదేశాలలో ఉన్నవారికి ఫోనులో ఫోటోలు పంపి అమ్ముతుంటాను. ‘దిస్ ఈజ్ ఎ బిట్ ఎక్స్‌పెన్సివ్ శారీ’ అని రాస్తే మా అబ్బాయి తప్పంటాడు; ‘దిస్ శారీ ఈజ్ ఎ బిట్ ఎక్స్‌పెన్సివ్’ అంటే ఒప్పంటాడు. ‘ఎ బిట్ బ్యూటిఫుల్’ అని అసలే అనకూడదంటాడు. మాటలు అవే అయినప్పుడు ఈ ఆంక్షలు ఎందుకు?
– ఒక వ్యాపారి, బరంపురం

జవాబు: మీ అబ్బాయి రెండింటిలోనూ సరిగ్గానే చెప్పాడు. ‘బిట్’ అన్న మాట పుట్టుకలో కొరికిన ముక్క, ఒక నోటికి పట్టినంత. మన ‘పిసరు’, ‘రవ్వ’, ‘చిటికెడు’ ఎలాగైతే వస్తువుల కొలత నుంచి గుణాల కొలతకు వచ్చాయో అదీ అలాగే వచ్చింది. (మన పిల్లలకు ‘బిట్’ అంటే పరీక్షలో వచ్చే బిట్ పేపరే, దాని అర్థమూ ముక్క ప్రశ్న అనే.) పుట్టుకలో నామవాచకం కావడం వలన ‘ఎ బిట్’కు తన ‘ఎ’ తనకు ఉంది. దానిని తీసుకువెళ్ళి ‘శారీ’ ముందు ఉండవలసిన ‘ఎ’కూ ‘శారీ’కీ మధ్య ఇరికించడానికి ఆ భాష ఒప్పుకోదు. ‘ఎ లిటిల్’ సంగతీ అంతే. అందుచేత ఈ రెండూ వాక్యం చివర విశేషణం ఒంటరిగా ఉన్నచోటనే కుదురుతాయి. చీర ముందే చెప్పాలనుకుంటే ‘ఎ స్లైట్లీ ఎక్స్‌పెన్సివ్ శారీ’ అనో ‘ఎ రాదర్ ఎక్స్‌పెన్సివ్ శారీ’ అనో రాయవచ్చు. నామవాచకం ముందు ‘బిట్’ కావాలంటే ‘ఆఫ్’ సాయం తీసుకోవాలి: ‘ఇట్ ఈజ్ ఎ బిట్ ఆఫ్ ఎ ప్రాబ్లమ్.’

రెండవది ఇంకా ఆసక్తికరమైనది. ‘ఎ బిట్’, ‘ఎ లిటిల్’, ‘స్లైట్లీ’ అనే మూడు మాటలూ మామూలు విశేషణం ముందు నిలిచినప్పుడు ఏదో లోపాన్ని, ఇబ్బందిని సూచించే పక్షాన ఉంటాయి. ‘ఎ బిట్ టైర్డ్’, ‘ఎ లిటిల్ లేట్’, ‘స్లైట్లీ డ్యామేజ్డ్’ అన్నవి సహజంగా ఉంటాయి. ‘ఎ బిట్ కైండ్’, ‘ఎ లిటిల్ బ్యూటిఫుల్’ అన్నవి ఎగతాళిలా వినిపిస్తాయి. పెళ్ళిచూపులకు వెళ్ళివచ్చినవాళ్ళు ‘పిల్ల కొంచెం అందంగా ఉంది’ అంటే అమ్మాయి తరఫువారికి ఎలా ఉంటుందో ఆలోచించండి. పొగడ్తను కొలిచి పోయడం ఏ భాషలోనైనా పిసినారితనమే. అయితే పోలిక తెచ్చినప్పుడు ఈ నిషేధం ఉండదు. ‘ఈ అంచు ఆ అంచు కన్నా కొంచెం అందంగా ఉంది’ అనడానికి ‘ఎ బిట్ ప్రెటియర్’ అని నిరభ్యంతరంగా రాయవచ్చు. అక్కడ కొలుస్తున్నది అందాన్ని కాదు, రెండు అందాల మధ్య ఎడాన్ని.

మీ వ్యాపారంలో అన్నిటి కన్నా ఎక్కువగా పనికివచ్చే వాక్యం రంగు గురించి. గుడి శిఖరాల వరసలా ఉండే ఫోడా కుంభం అంచు ఫోటోలో ఒక ఎరుపులో కనబడి, విప్పి చూస్తే మరొక ఎరుపులో ఉంటుంది కదా. అప్పుడు ‘ది కలర్ ఈజ్ లిటిల్ డిఫరెంట్’ అని రాశారో, కొనేవారికి ‘రంగులో తేడా లేనట్టే’ అని హామీ ఇచ్చినవారవుతారు. రాయగడ పాఠకురాలికి చెప్పిన ‘ఎ’ సంగతి ఇక్కడ డబ్బు రూపంలో ఎదురవుతుంది. ‘ది యాక్చువల్ కలర్ మే బి స్లైట్లీ డిఫరెంట్’ అని రాయండి. ఏ వైపు తేడాయో తెలిస్తే ‘ఎ షేడ్ డార్కర్’ అనండి. ‘షేడ్’ అంటే రంగులో ఒక్క ఛాయ. ఇప్పుడు అది రంగుతో పని లేని చోట్ల కూడా, పోలికల ముందు ‘ఒక్క రవ్వ’ అనే అర్థంలో వాడుకలో ఉంది. చీరలవారి నోట అది మరీ అందంగా ఉంటుందని నా అభిప్రాయం.

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి వెనుక గోడ పడిపోయింది. అప్పుడు నా అర్జీ రాసిపెట్టినవారు ‘స్లైట్లీ డ్యామేజ్డ్’ అని రాశారు. పక్కింటివారి అర్జీలో ‘పార్షియల్లీ డ్యామేజ్డ్’ అని ఉంది. రెండింటికీ ‘కొంచెం పాడైంది’ అనే కదా అర్థం?
– ఒక రైతు, కాశీనగరం

జవాబు: కాదండి. ‘స్లైట్లీ’ అన్నది తీవ్రతను కొలిచే మాట, ‘పార్షియల్లీ’ అన్నది భాగాన్ని చెప్పే మాట. పెంకులు నాలుగు జారి, సున్నం పెచ్చులూడితే ఇల్లు ‘స్లైట్లీ’ దెబ్బతిన్నది. వెనుక గోడ పూర్తిగా కూలి ముందు గదులు నిలబడి ఉంటే ‘పార్షియల్లీ’ దెబ్బతిన్నది. కూలిన ఆ గోడ విషయంలో ‘కొంచెం’ అన్న ప్రసక్తే లేదు. పైగా విపత్తు సహాయ నిబంధనలలో ‘పార్షియల్లీ డ్యామేజ్డ్’ అనేది ఒక తరగతి పేరు. గుడిసెలు కాని ఇళ్ళకు కనీసం 15 శాతం నష్టం జరిగితే ఆ తరగతిలో చేరుస్తారు. ‘స్లైట్లీ’ అనే తరగతి ఆ పట్టికలో లేదు. ప్రభుత్వ కాగితాలలో నిబంధన ఏ మాట వాడితే ఆ మాటనే వాడాలి, అక్కడ సొంత పర్యాయపదాలు పనికిరావు. ఇకముందు అర్జీ రాయించవలసి వస్తే మీ నష్టాన్ని తెలుగులో ‘కొంచెం’ అని చెప్పకండి. ‘ఇంత పొడుగు గోడ, ఇన్ని దూలాలు’ అని చెప్పండి. రాసేవారికి ‘స్లైట్లీ’ అనే అవకాశమే ఉండదు.

ప్రశ్న: నేను గుణుపురంలో హైస్కూలు ఉపాధ్యాయుడిని. ‘ఫెయిర్లీ’, ‘క్వైట్’, ‘రాదర్’ అనే మూడింటికీ తరగతిలో ‘ఓ మోస్తరు’ అనే అర్థం చెప్పి గట్టెక్కుతున్నాను. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ‘క్వైట్’ అంటే ‘చాలా’ అంటున్నాడు. పిల్లలకు ఏమని చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: మాస్టారూ, ‘ఓ మోస్తరు’ అన్నది ఒక్క ‘ఫెయిర్లీ’కి చక్కగా సరిపోతుంది. మిగిలిన రెండింటికీ ఆ గొడుగు చాలదు.

‘ఫెయిర్లీ’, ‘రాదర్’ల తేడాను వెనుకటి నౌపడా–గుణుపురం చిన్న రైలు మీద పెట్టి చెప్పండి, పిల్లలకు వెంటనే అందుతుంది. పర్లాకిమిడి దాటాక కొండలూ పొలాలూ చూసుకుంటూ కూర్చున్న ప్రయాణికుడు ‘ది ట్రైన్ ఈజ్ ఫెయిర్లీ స్లో’ అంటాడు. అందులో ఫిర్యాదు లేదు, ఉన్న సంగతి అంతే. కోర్టు వాయిదాకు వేళ మించిపోతున్నవాడు అదే పెట్టెలో కూర్చుని ‘ది ట్రైన్ ఈజ్ రాదర్ స్లో’ అంటాడు. వేగం ఇద్దరికీ ఒకటే. ‘రాదర్’లో ఉండవలసినదాని కన్నా ఎక్కువైందనే ఒక చిన్న అసంతృప్తి గాని ఆశ్చర్యం గాని ఉంటుంది. అందుకే మంచి గుణం ముందు ‘రాదర్’ వచ్చినప్పుడు ‘అనుకున్న దాని కన్నా బాగుందే’ అనే ధ్వని వస్తుంది. ‘రాదర్’ను పోలికల ముందూ ‘టూ’ ముందూ వేయవచ్చు: ‘రాదర్ బెటర్’, ‘రాదర్ టూ హాట్’. ఆ రెండు చోట్లా ‘ఫెయిర్లీ’ నిలవదు. దీని వెనుక ఒక చిన్న చరిత్ర ఉంది. ‘రేద్’ అనే పాత మాటకు త్వరగా, పెందలాడే అని అర్థం. దాని పోలిక రూపమే ‘రాదర్’, అంటే ‘ఇంకా ముందుగా’. ‘దీని కన్నా అది ముందు’ అన్నది కాలక్రమంలో ‘దీని కన్నా అది ఇష్టం’ అయింది, ఆ తరువాత ‘మామూలు కన్నా కాస్త ఎక్కువ’ అయింది. పోలికను కడుపులో పెట్టుకుని పుట్టిన మాట కాబట్టే పోలికలతో దానికి అంత చనువు అని నాకు అనిపిస్తుంది.

‘క్వైట్’ విషయంలో మీరూ మీ మేనల్లుడూ ఇద్దరూ సరైనవారే. దాని అర్థం రెండింటిని బట్టి మారుతుంది. మొదటిది, పక్కన ఉన్న విశేషణానికి మెట్లు ఉన్నాయా లేదా అన్నది. మంచి, వేడి, పొడుగు వంటివాటికి మెట్లు ఉన్నాయి. కొంచెం మంచి, బాగా మంచి అనవచ్చు. అసాధ్యం, సంపూర్ణం, ఖాళీ వంటివాటికి మెట్లు లేవు. మెట్లు లేని మాట ముందు ‘క్వైట్’ వస్తే ఎక్కడైనా ‘పూర్తిగా’ అనే అర్థం: ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే బొత్తిగా కుదరదు. మెట్లు ఉన్న మాట ముందు వచ్చినప్పుడే దేశాన్ని బట్టి తేడా వస్తుంది. ‘క్వైట్ గుడ్’ అని బ్రిటన్ మనిషి అంటే చాలా సందర్భాలలో ‘పరవాలేదు’ అనే. అమెరికా మనిషి అంటే ‘చాలా బాగుంది’ అనే. బ్రిటన్ వారు ‘క్వైట్’ను ఒత్తి పలికితే పొగడ్త ఇంకా కిందికి దిగుతుంది, ‘గుడ్’ను ఒత్తితే పైకి లేస్తుంది. కాగితం మీద ఆ ఒత్తు కనబడదు కాబట్టే ఉత్తరాలలో ఈ మాటతో అపార్థాలు ఎక్కువ.

పిల్లలకు దీనిని చెప్పడానికి తెలుగులోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ‘కూర బాగుంది’ అనండి, ‘కూర బాగానే ఉంది’ అనండి. ఒక్క ‘నే’ చేరేసరికి వండిన మనిషి ముఖంలో రంగు మారుతుంది. నిఘంటువు ప్రకారం ఆ ‘ఏ’కారం అవధారణార్థకం, అంటే గట్టిపరిచేది. గట్టిపరచవలసినది కాస్తా ఇక్కడ తగ్గిస్తోంది. పూర్తిగా అనే అర్థంతో మొదలైన ‘క్వైట్’ బ్రిటన్‌లో ‘ఓ మాదిరిగా’ స్థాయికి దిగినదీ ఇటువంటి దారినే. మన ఇంట్లో రోజూ జరిగేది ఇంగ్లీషులో జరిగితే వింతగా చూడనక్కర లేదని మీ తరగతికి చెప్పండి. పరీక్షలలో మాత్రం బ్రిటన్ వాడుకనే పట్టుకోండి. మన పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఆ దారిలోనే నడుస్తాయి.

ప్రశ్న: ‘హార్డ్లీ’, ‘బేర్లీ’, ‘స్కేర్స్లీ’ – మూడూ ఒకటేనా? ‘ఐ కాంట్ హార్డ్లీ వాక్’ అని రాస్తే మా లెక్చరర్ కొట్టేశారు.
– ఒక డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: కొట్టేయడం న్యాయమే. ఈ మూడింటిలోనూ ‘లేదు’ అన్నది కలిసే ఉంది, మళ్ళీ ‘నాట్’ తగిలించకూడదు. ‘ఐ కెన్ హార్డ్లీ వాక్’ అంటే చాలు. మీరు పొరపడిన కారణం తేలికగానే ఊహించవచ్చు. ‘దాదాపు’, ‘అట్టే’, ‘బొత్తిగా’ అని మనం ఎన్ని అన్నా చివర ‘లేదు’, ‘కాదు’ వస్తే గాని తెలుగు వాక్యం పూర్తి కాదు. ఆ అలవాటు ఇంగ్లీషులోకి వెంట వచ్చింది.

మూడూ ఒకటి మాత్రం కాదు. ‘హార్డ్లీ’ లేనిదాని వైపు మొగ్గుతుంది: మే నెలలో మహేంద్రతనయ నదిని చూసి ‘దేర్ ఈజ్ హార్డ్లీ ఎనీ వాటర్’ అంటే, నీళ్ళు లేనట్టే. ‘బేర్లీ’ ఉన్నదాని వైపు నిలబడుతుంది, కాకపోతే అంచున నిలబడుతుంది. దానికి మన ‘బొటాబొటిగా’ కన్నా మంచి అనువాదం లేదు. ‘హి బేర్లీ పాస్డ్’ అంటే గీత మీద గట్టెక్కాడు, అయినా గట్టెక్కాడు. ఆ చోట ‘హార్డ్లీ’ వేస్తే గట్టెక్కాడో లేదో తెలియని వాక్యం అవుతుంది. ‘స్కేర్స్లీ’ అర్థంలో ‘హార్డ్లీ’కి దగ్గరే, గ్రంథాల వాసన ఎక్కువ, చదివినప్పుడు గుర్తుపట్టండి, రాయకపోయినా నష్టం లేదు. ‘హి వర్క్స్ హార్డ్’, ‘హి హార్డ్లీ వర్క్స్’ అన్న రెండింటిని మాత్రం ఎప్పుడూ కలపకండి. మొదటిది మీ ఉద్యోగపు దరఖాస్తులో ఉండవలసినది. రెండవది ‘పని చేయనే చేయడు’ అని మీ మీద మీరే ఇచ్చే సాక్ష్యం.

ప్రశ్న: నాకు డెబ్బై రెండేళ్ళు. జయపురంలో ఉంటాను. భువనేశ్వర్ నుంచి మా మనవరాలు తనతో పనిచేసే ఒక విదేశీ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. వరండాలో దారికి అడ్డంగా కూర్చున్న ఆ అమ్మాయితో నేను ‘లిటిల్ మూవ్’ అన్నాను. మనవరాలు నవ్వి, ‘అది ఆజ్ఞ ఇచ్చినట్టు ఉంది తాతయ్యా’ అంది. ‘కొంచెం జరుగమ్మా’ అని మర్యాదగానే కదా అన్నాను! భోజనాల దగ్గర ఆ అమ్మాయి అన్నిటికీ ‘జస్ట్ ఎ లిటిల్’ అంటుంటే, అది మొహమాటమో నిజమో తెలియక ఇంకా ఇబ్బంది పడ్డాను.
– ఒక తాతగారు, జయపురం

జవాబు: అయ్యా, మీ మర్యాద తెలుగులో ఉండిపోయింది, ఆ అమ్మాయికి చేరలేదు. ‘కొంచెం జరుగమ్మా’ అన్నప్పుడు మీరు జరగవలసిన దూరాన్ని కొలవడం లేదు. ‘కొంచెం ఈ ఉత్తరం చదివిపెట్టు’, ‘కాస్త తలుపు వెయ్యి’ అన్నప్పుడు సగం ఉత్తరం చదివి ఆపమనీ, తలుపు ఓరగా వేయమనీ మన ఉద్దేశం కాదు. అక్కడ ‘కొంచెం’ శ్రమను తగ్గించి చూపే మాట: నేను అడిగేది చిన్న పని, నిన్ను పెద్దగా కష్టపెట్టను అని ముందే చెప్పుకోవడం. మీ ఊరి బజారులో ఒడియావారు ‘టికే సుణంతు’ అనేదీ ఇందుకే. కొద్దిగా వినమని కాదు, దయచేసి వినమని. చుట్టూ ఉన్న రెండు భాషలూ ఒకే మర్యాద పాటిస్తున్నప్పుడు ఇంగ్లీషులోనూ అది ఉంటుందనుకోవడం సహజం.

ఇంగ్లీషులో ‘లిటిల్’ ఈ పని చేయదు. అక్కడ అభ్యర్థనను మెత్తబరిచేది వాక్యపు కట్టుబడి: ‘కుడ్ యు మూవ్ ఎ లిటిల్, ప్లీజ్?’ అని ప్రశ్నగా అడగాలి. ఇందులో మర్యాద అంతా ‘కుడ్ యు’లోనూ ‘ప్లీజ్’లోనూ ఉంది. ‘ఎ లిటిల్’ మాత్రం నిజంగానే దూరాన్ని కొలుస్తోంది, ఒక్క జానెడు జరిగితే చాలని చెబుతోంది. అది క్రియ వెనుక వచ్చిందన్నదీ గమనించండి. మనము ‘కొంచెం’ను క్రియకు ముందు పెడతాము గనుక ‘లిటిల్ మూవ్’, ‘లిటిల్ వెయిట్’ అని నోటికి వస్తుంది. కొలవడానికి వీలు లేని పనులకు ‘ఎ లిటిల్’ అసలు చేర్చవద్దు. ‘కొంచెం సంతకం పెట్టండి’ అనబోయి ‘సైన్ ఎ లిటిల్’ అంటే ఇంటిపేరు వేసి ఊరుకోవచ్చునేమోనని అవతలివారు అనుకోవాలి. అటువంటి చోట ‘కుడ్ యు జస్ట్ సైన్ హియర్?’ అనండి, మన ‘కాస్త’ చేసే పనికి ‘జస్ట్’ చాలా వరకు సరితూగుతుంది.

ఇంగ్లీషువారికి మెత్తని ‘కొంచెం’ బొత్తిగా లేదని మాత్రం అనుకోవద్దు. వారు దానిని అడిగే చోట కాక, తప్పు పట్టే చోట, కాదనే చోట వాడతారు. ‘యు ఆర్ ఎ బిట్ లేట్’ అన్న అధికారి గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టే అంటున్నాడు. ‘ఐ యామ్ ఎ బిట్ బిజీ’ అంటే ఇప్పుడు వెళ్ళి తరువాత రమ్మని. బరంపురం పాఠకుడికి చెప్పిన ‘ఎ బిట్ ఎక్స్‌పెన్సివ్’ కూడా ఇటువంటిదే. అలా అన్న కొనుగోలుదారు మనసులో ఆ చీరను అప్పటికే మడతపెట్టేసి ఉంటాడు.

ఇక భోజనం సంగతి. ‘జస్ట్ ఎ లిటిల్’లో మొహమాటం ఉండదు, అది పూర్తిగా కొలత. మన ఇళ్ళలో ‘కొంచెం చాలండీ’ అన్న అతిథికి మరో గరిటె పడుతుంది, ‘వద్దు వద్దు’ అని చెయ్యి అడ్డం పెట్టినవారికి పక్కనుంచి పడుతుంది. ఆ అమ్మాయికి ఆ లెక్క తెలియదు. ఆమె ‘జస్ట్ ఎ లిటిల్’ అన్నప్పుడు ఒక్క గరిటె వేసి ఆగండి. మళ్ళీ వడ్డించాలనిపిస్తే గిన్నె ఆమె ముందుకు జరిపి ‘వుడ్ యు లైక్ ఎ లిటిల్ మోర్?’ అని అడగండి. ‘నో, థాంక్ యు’ అంటే గిన్నె వెనక్కి తీసేయవచ్చు. ‘మేబీ ఎ లిటిల్’ అంటే మాత్రం పులుసు బాగుందన్నమాటే, సంకోచించకుండా వేయండి.